తీసేసిన ఏడో అధ్యాయం

తవిటయ్య గారి పేరు విని కొత్తగా చేరిన విద్యార్థులు లోలోపల నవ్వుకునేవారు. విశ్వవిద్యాలయంలో ఆచార్యుల పేర్ల వరసలో అది ఇమడదు. ఆ నవ్వు సంగతి ఆయనకీ తెలుసు. మొదటి క్లాసులోనే తేల్చేసేవారు.

"పుట్టిన మగపిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి తవుడుకి అమ్మేసి మళ్ళీ తెచ్చుకుంటారు మా వేపు. అలా దక్కినవాణ్ణి. ఇక పాఠంలోకి వద్దాం."

పాఠం రాజనీతి తత్వశాస్త్రం. రాజ్యం ఎందుకు పుట్టింది, జనం దాని మాట ఎందుకు వినాలి, ఎంతవరకు వినాలి. డెబ్బైల మొదట్లో ఆ పాఠానికి వేరే డిపార్టుమెంట్ల పిల్లలు కూడా వచ్చి గోడవారగా నిలబడేవారు. వాల్తేరు మిట్ట మీది ఆ గది కిటికీలోంచి, రేవులోకి వెళ్ళడానికి వంతు కోసం ఆగిన ఓడలు కనిపించేవి. ఆయన వాటివైపు వేలు చూపించి, "ఆ ఓడలో కెప్టెన్ మాట అందరూ వింటారు. ఎందుకు? భయమా, జీతమా, వినకపోతే మునిగిపోతామనా?" అని మొదలుపెట్టేవారు. గంట కొట్టాక కూడా వాదన వరండాలో సాగేది.

ఆయన సొంత ఊరు ఎర్రగెడ్డపాలెం. గాజువాక దాటి లోపలికి వెళ్ళాలి. తండ్రి పని వెతుక్కుంటూ బర్మాలోని రంగం వెళ్ళి యుద్ధంలో ఏమైపోయాడో తెలియలేదు. ఆ దిగులుతో తల్లి ఎక్కువ కాలం బతకలేదు. అక్క పోతమ్మే ఆయన్ని పెంచింది. ఆ వేపు అక్కని అప్ప అంటారు. ఆ అప్ప అదే ఊళ్ళో పెళ్ళయి అత్తవారింటికి వెళ్తూ తమ్ముణ్ణి చంకనేసుకునే వెళ్ళింది. "ఈడొస్తేనే నానొత్తాను" అని పెళ్ళినాడే చెప్పేసిందట.

ఆమె భర్త చలమయ్య కూరగాయల రైతు. వంకాయలూ ఆనపకాయలూ పండించి బండి మీద పూర్ణామార్కెట్‌కి తోలుకొచ్చేవాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, చదువు లేదు. తవిటయ్యని హైస్కూలుకి టౌనుకి పంపించాలన్నప్పుడు ఇంట్లో అందరూ వద్దన్నారు గానీ చలమయ్య వినలేదు. కూరగాయల బస్తాల మధ్య కూర్చోబెట్టుకుని తనే తీసుకొచ్చి దింపేవాడు. మార్కెట్లో ఎవరు కనపడితే వాళ్ళకి, "మా బామ్మర్ది సదువుకుంతన్నాడు" అని చెప్పేవాడు. తవిటయ్య ఎం.ఏ. పాసై అదే విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా చేరిన రోజున చలమయ్య తలపాగా కొత్తది చుట్టుకుని డిపార్టుమెంటు గుమ్మం దాకా వచ్చాడు.

"ఏటి సెప్తావు బావా ఇక్కడ?"

"రాజ్యం మాట జనం ఎందుకు వినాలో చెబుతాను."

"ఇనకపోతే కొడతారు కాబట్టి ఇంటారు. దానికి పాటమేటి?"

"కొట్టకుండానే వినేలాగ ఎలా ఉండాలో, అదీ పాఠం."

"అలాగుంటే మంచిదే" అని చలమయ్య నవ్వాడు. అది నిజంగా తెలిసిపోయే విషయమైనట్టూ, దాన్ని కనిపెట్టడానికి తన బావమరిదిని ప్రభుత్వం నియమించినట్టూ ఊరంతా చెప్పుకున్నాడు.

తవిటయ్య పరిశోధనకి ఎంచుకున్నది ప్రజాహితం. అందరి మేలు పేరుతో కొందరి ఆస్తిని తీసుకునే హక్కు రాజ్యానికి ఎక్కడినుంచి వచ్చింది? గైడు ప్రొఫెసర్ అర్జునరావు గారు. కృష్ణా జిల్లా మనిషి, డిపార్టుమెంటుకి హెడ్డు. మల్లెపువ్వులాంటి పంచె, మెత్తటి మాట. తవిటయ్యలో పస ఉందని అందరికన్నా ముందు గుర్తించింది ఆయనే. ఆ మాటకొస్తే ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

ఆ రోజుల్లో విశాఖపట్నం చుట్టుపక్కల ఎక్కడ చూసినా కొలతలే. ఉక్కు కర్మాగారం వస్తోందని, దాని వెనకే ఇంకేవేవో వస్తాయని చెప్పుకునేవారు. పొలాల్లో గొలుసులు పరిచేవారు, సున్నం గుర్తులు పెట్టేవారు. వేసవి సెలవుల్లో తవిటయ్య ఊరికి వెళ్ళి, అప్ప ఇంటి వసారాలో చాప మీద కూర్చుని తన సిద్ధాంతంలో ఆఖరిదైన ఏడో అధ్యాయం రాశారు. పోతమ్మ గెడ్డలోంచి నీళ్ళు మోస్తూ వస్తూ పోతూ, "ఇంకా అవలేదేటిరా తవిటీ, అన్నం సల్లారిపోతంది" అని కేకలేసేది. పొలం నుంచి వచ్చినవాళ్ళు వసారా అంచున కూర్చుని తమ భయాలు చెప్పుకునేవారు. తమ పొలం పోతుందన్న దానికన్నా, పోతుందని తమకి ఎవరూ చెప్పకపోవడమే వాళ్ళని ఎక్కువ బాధపెడుతోందని తవిటయ్యకి అక్కడే తెలిసింది.

ఏడో అధ్యాయంలో ఆయన రాసింది క్లుప్తంగా ఇది. నీది వదులుకో అని రాజ్యం ఎవరినైనా అడగవచ్చు. కానీ వాళ్ళ గుమ్మంలోకి వచ్చి అడగాలి. కాదనే వీలు వాళ్ళకి ఉండాలి. కాదనే వీలు లేని చోట అవునన్న మాటకి విలువ లేదు, ఆ మాట మీద కట్టిన రాజ్యానికి జనం బాకీ పడిందీ లేదు.

డాక్టరేటు వచ్చింది. పోర్టు ఆఫీసులో పనిచేసే కాకినాడ వాళ్ళ అమ్మాయి పద్మావతితో పెళ్ళయింది. క్యాంపస్‌లో క్వార్టర్సు ఇచ్చారు. సిద్ధాంతాన్ని డిగ్రీ పిల్లలకి పనికొచ్చేలా తెలుగులో పుస్తకంగా రాయమని ఒక ప్రచురణ సంస్థ అడిగింది. అలాంటి పుస్తకం తెలుగులో లేదు. తవిటయ్య ఏడు అధ్యాయాలూ తిరగరాసి ఇచ్చారు. ప్రూఫులు వస్తున్న రోజుల్లో ఎమర్జెన్సీ వచ్చింది.

అర్జునరావు గారు పిలిపించారు. గదిలో ఎవరూ లేకపోయినా తలుపు దగ్గరగా వేయించారు.

"ఏడో అధ్యాయం మళ్ళీ చదివానయ్యా. నా శిష్యుల్లో ఇలా రాసినవాడు లేడు."

"మీ దయండీ."

"అందుకే భయంగా ఉంది. జనం కాదనవచ్చు అంటున్నావు. ఈ రోజుల్లో ఆ మాట అచ్చులో కనపడితే ఎవరి మెడకి చుట్టుకుంటుందో చెప్పలేం. నీకే కాదు, డిపార్టుమెంటుకి కూడా."

"తీసెయ్యమంటారా?"

"నేనెందుకు అంటాను? నువ్వు చిన్నపిల్లాడివి కాదు, ఆలోచించుకో. రెండో ముద్రణలో పెట్టుకోవచ్చు. రీడరు పోస్టు కూడా కదులుతోంది. ఆ సంగతి నీకు తెలిసిందే."

ఆయన గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే శిష్యుడి మేలు కోరి చెబుతున్నట్టుగా ఉంది. తవిటయ్య ఇంటికి వచ్చి పద్మావతికి చెప్పారు.

"ఆఖరిది తీసేస్తే పుస్తకం బోసిగా ఉండదాండీ?" అంది ఆవిడ. "మీ అప్పగారింట్లో కూర్చుని రాశానని మురిసిపోయారు, అదే కదండీ?"

"నీకీ వ్యవహారాలు తెలియవు."

తవిటయ్య స్వయంగా ఆ కాగితాలు విడదీసి, దారం కట్టి, బీరువా పైన పెట్టారు. అప్పుడొక చిక్కు వచ్చింది. ఏడోది పోయాక ఆరో అధ్యాయం దారి మధ్యలో ఆగిపోయినట్టుంది. ముగింపు కావాలి. ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి ఉండగానే ఒక వాక్యం రాసి ఇచ్చారు: "బీద దేశంలో పదిమంది మేలు కోసం కొందరు తమది వదులుకోవలసి వస్తుంది, దాన్ని నష్టమని తలచకపోవడమే పౌరధర్మం."

పుస్తకానికి మంచి పేరొచ్చింది. రీడరు ఉద్యోగమూ వచ్చింది. మూడు విశ్వవిద్యాలయాలు దాన్ని పాఠ్యగ్రంథం చేశాయి. ఏటా పరీక్షల్లో ఆ ఆఖరి వాక్యాన్నే ఇచ్చి, వివరించుడి అని అడిగేవారు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు దాన్ని బట్టీ పట్టేవారు. తొందరలో రాసిన ఆ ఒక్క ముక్కా జనంలోకి వెళ్ళిపోయింది, ఏళ్ళ తరబడి ఆలోచించి రాసింది బీరువా మీద ఉండిపోయింది.

ఎమర్జెన్సీ ఎత్తేశాక తవిటయ్య ఆ కాగితాలు దింపి అర్జునరావు గారి దగ్గరికి వెళ్ళారు. "ఇప్పుడు పెట్టొచ్చు కదండీ" అన్నారు.

"ఇప్పుడా? ఇప్పుడు వీధిలో ప్రతివాడూ స్వేచ్ఛ గురించే మాట్లాడుతున్నాడు. నువ్వూ పెడితే, గాలి మారగానే మాట మార్చాడంటారు. కొంతకాలం పోనీ."

తవిటయ్య ఆ మాటకి తల ఊపి వచ్చేశారు. మెట్లు దిగుతుంటే తనకి కోపం రాలేదని ఆయన గమనించారు. బరువు దిగినట్టు ఉంది. చాలా ఏళ్ళ తర్వాత పద్మావతితో ఆ సంగతి చెబుతూ, "నేను చెడిపోయింది ఆ మెట్ల మీద" అన్నారు.

ఎనభై వేసవిలో చలమయ్య క్వార్టర్సుకి వచ్చాడు. అప్పటికి ఎర్రగెడ్డపాలెం పొలాలు చాలావరకు పోయాయి. ఇప్పుడు ఒక ప్రభుత్వ సంస్థ గోదాములకి ఊరే కావాలని నోటీసు వచ్చింది. అభ్యంతరాలుంటే ఫలానా రోజున స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు చెప్పుకోమన్నారు.

"పొలం పోతే ఊరుకున్నాం బావా. ఇళ్ళు కూడా అంతన్నారు. మేం ఎళ్ళి ఏటి మాట్లాడగలం? నువ్వొచ్చి నాలుగు ముక్కలు సెప్పాల."

తవిటయ్య వెంటనే సరేననలేకపోయారు. పై నెలలోనే ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ. ప్రభుత్వానికి ఎదురుగా ఒక విచారణలో నిలబడితే ఎవరు ఎలా తీసుకుంటారో?

"ప్లీడర్ని పెట్టుకోలేకపోయారా?"

"ప్లీడరెందుకు, నువ్వుండగా?"

లోపలినుంచి మజ్జిగ తెచ్చిన పద్మావతి భర్త మొహంలోకి చూసింది. "వెళ్తార్లెండి అన్నయ్యగారూ" అంది ఆవిడే.

విచారణ రోజున కలెక్టరాఫీసు వరండా నిండా ఎర్రగెడ్డపాలెం జనమే. పోతమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్ళంతా గోడ నీడలో కూర్చున్నారు. తవిటయ్య ఇస్త్రీ చొక్కాతో ఆటో దిగగానే అందరూ లేచి నిలబడ్డారు. లోపలికి వెళ్ళగానే ఇంకో ఆనందం. బల్ల వెనక కూర్చున్న కుర్ర అధికారి ఆయన్ని చూసి చటుక్కున లేచి చేతులు జోడించాడు.

"మాస్టారూ! మీరేంటండీ ఇక్కడ? కుర్చీ వెయ్యండయ్యా మాస్టారికి."

అతను దొరబాబు. తవిటయ్య క్లాసులో గోడవారగా నిలబడి విన్నవాళ్ళలో ఒకడు. గోదావరి వేపు నుంచి వచ్చి, చదివి, గ్రూప్ వన్ రాసి ఉద్యోగంలో చేరాడు. అధికారి లేచి తమ మనిషికి నమస్కారం పెట్టడం కిటికీలోంచి చూసి ఊరి జనం మొహాలు విప్పారాయి. "మన పని అయిపోయినట్టే" అని ఎవరో పైకే అనేశారు.

ముందు చలమయ్య మాట్లాడాడు. "బాబూ, మాకు సదువుల్లేవు. తాతల కాడి నుంచి అక్కడే ఉన్నాం. తీసుకుంతామంటే మా ఊళ్ళోకొచ్చి, మా ముందు నిలబడి ఒకపాలి అడగండి. అడక్కండా గీత గీసీసినారు. మేం మనుసులం కాదేటి?"

దొరబాబు మర్యాదగా విన్నాడు. వెటకారం చేసే మనిషి కాదు. బల్ల పక్క అరలోంచి నలిగిన పుస్తకం ఒకటి తీశాడు.

"మీ బాధ నాకు అర్థమవుతుందండి. కానీ దీనికి సమాధానం నేను చెప్పక్కర్లేదు. పెద్దలు చెప్పిందే చదువుతాను. 'బీద దేశంలో పదిమంది మేలు కోసం కొందరు తమది వదులుకోవలసి వస్తుంది. దాన్ని నష్టమని తలచకపోవడమే పౌరధర్మం.' ఈ పుస్తకం చదివే నేను ఈ ఉద్యోగంలోకి వచ్చానండి. ఇంటర్వ్యూలో కూడా ఈ మాటే చెప్పాను. ఇది రాసిందెవరో తెలుసా? మీ ఊరాయనే. మీ పక్కనే కూర్చున్నారు."

చలమయ్య పక్కకి తిరిగాడు.

"నువ్వేనేటి బావా?"

"ఆ వాక్యం నాదే" అన్నారు తవిటయ్య. దొరబాబు వైపు తిరిగారు. "కానీ దాని తర్వాత ఇంకో అధ్యాయం ఉంది. ఎలా అడగాలో అందులో ఉంది. చలమయ్య ఇప్పుడు అన్నదే అందులో ఉంది."

"ఆరు అధ్యాయాలే కదండీ మాస్టారూ. నేను చాలాసార్లు చదివాను."

"ఏడోది తీసేశాను."

"ఎవరైనా తీయించారాండీ?"

అతను అమాయకంగానే అడిగాడు. తవిటయ్యకి అర్జునరావు గారి గది, దగ్గరగా వేసిన తలుపు గుర్తొచ్చాయి. పై నెల ఇంటర్వ్యూలో ఆయన కూర్చునే కుర్చీ కూడా గుర్తొచ్చింది.

"ఎవరూ తీయించలేదు. నేనే తీశాను."

ఆ మాట అక్షరాలా నిజం. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన ఏడో అధ్యాయాన్ని నోటితోనే చెప్పడం మొదలుపెట్టారు. గుమ్మంలోకి వచ్చి అడగడం గురించి, కాదనే వీలు గురించి చెప్పారు. క్లాసులో చెప్పినంత బాగానే చెప్పారు. రాసుకుంటున్న గుమాస్తా కాసేపటికి కలం పక్కన పెట్టేశాడు.

"ఇది క్లాసయితే సాయంత్రం దాకా వినేవాణ్ణండి" అన్నాడు దొరబాబు. అతని మొహంలో నిజమైన నొచ్చుకోలు కనపడింది. "మీరే కావాలని తీసేసినదాన్ని ఇక్కడ నేనెలా లెక్కలోకి తీసుకోనండీ? అచ్చులో ఉన్నదే మీ అభిప్రాయం అనుకోవాలి కదండీ."

బయటికి వచ్చాక చలమయ్య ఆయన్ని ఒక పక్కకి పిలిచాడు. పెద్ద గొంతు ఎక్కడికో పోయింది.

"ఆ బాబు ముందర సెప్పలేదు, సరే. నాకైనా సెప్పు. ఎవురైనా తీసీమన్నారేటి?"

"మా హెడ్డుగారు పెట్టొద్దన్నట్టే మాట్లాడారు."

"మరి ఆ ముక్క లోపలెందుకు సెప్పలేదు?"

"పై నెల ప్రొఫెసరు ఇంటర్వ్యూ ఉంది బావా. ఆయన చేతిలో ఉంది."

చలమయ్య తలపాగా తీసి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని తవిటయ్య ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నారు. జనం బస్సు కోసం కదిలారు. పోతమ్మ తమ్ముడి దగ్గర ఆగి ఏదో అడగబోయింది. చలమయ్య "రాయే" అని పిలిచాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

పై నెల ఇంటర్వ్యూ జరిగింది. ఉద్యోగం వేరొకరికి ఇచ్చారు. తవిటయ్య వెళ్ళి అడిగితే అర్జునరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు.

"విచారణలో నీ పుస్తకాన్ని నువ్వే కాదన్నావటగా. ఆ సంగతి కమిటీ దాకా వచ్చింది. రాసినవాడే నమ్మని పుస్తకం చూపించి ప్రొఫెసరు పదవి ఇవ్వమని నేనెలా అడగనయ్యా?"

"తీసెయ్యమన్నది మీరే కదండీ."

"నేనన్నానా? ఆలోచించుకోమన్నాను."

అదీ నిజమే.

మరుసటి ఏడు ఎర్రగెడ్డపాలెం ఖాళీ అయింది. ఇచ్చిన స్థలాల్లో జనం రేకులు వేసుకుని గాజువాక అవతల కాలనీలో సర్దుకున్నారు. సామాన్లు తరలించే రోజున తవిటయ్య వెళ్ళారు. పోతమ్మ వసారా గుంజలు పీకించి లారీ ఎక్కిస్తోంది. సాయం చెయ్యబోతే ఒక కుర్రాడు, "మీరు అట్టుండండి సార్, బట్టలు మాసిపోతాయి" అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో ఆయనకి తెలియలేదు. వాళ్ళ మధ్య నిలబడలేక, వెళ్ళిపోలేక, లారీ కదిలేదాకా ఎండలో ఉండిపోయారు.

అర్జునరావు గారు రిటైరయ్యాక తవిటయ్య ఏడో అధ్యాయాన్ని విడిగా చిన్న పుస్తకం వేయించారు. ప్రచురణ సంస్థ ఒప్పుకోలేదు. విశాఖపట్నం పాత ఊళ్ళో ఇద్రీస్ గారని పెళ్ళి శుభలేఖలు, దుకాణాల బిల్లులు వేసే ప్రెస్సు ఆయన ఉండేవారు. ఆయన అక్షరాలు పేర్చుకుంటూనే చదివి, "ప్రొఫెసర్ సాబ్, ఖరా మాట, నిజం మాట రాసినారు. ఎవరు కొంటారు దీన్ని?" అని అడిగారు. ఎవరూ కొనలేదు. సిలబస్ కమిటీలో పెడితే, ఆరు అధ్యాయాల పుస్తకం బాగానే నడుస్తోంది, పిల్లలకి బరువెందుకు అన్నారు. ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. ప్రమాదం దాటిపోయాక వచ్చిన ధైర్యం అని సమీక్షకుడు రాశాడు. తవిటయ్య దాన్ని కత్తిరించి దాచుకున్నారు. ఎందుకని పద్మావతి అడిగితే, "నా మీద ఇంతవరకు వచ్చినవాటిలో తప్పు లేనిది ఇదొక్కటే" అన్నారు.

ఆ పుస్తకం పట్టుకుని కాలనీకి వెళ్ళారు. చలమయ్య అప్పటికి ఒక కాంట్రాక్టరు కింద గోదాముల గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. తన ఇల్లు ఉన్న చోటు ఆ గేటులోంచి కనపడుతుందని మామూలుగా చెప్పాడు. కొత్తగా వేసిన సిమెంటు అరుగు మీద కూర్చుని, "సదువు బావా, ఇంతాను" అన్నాడు. తవిటయ్య మొదటి నుంచి చివరిదాకా చదివారు. చలమయ్య మధ్యలో కదల్లేదు.

"బాగా రాసావు. ఊరున్నప్పుడు రాసుంటే బాగున్ను."

"ఊరున్నప్పుడే రాశాను బావా. మీ వసారాలో."

"అదే కదా" అన్నాడు చలమయ్య.

డ్యూటీకి వేళయిందని లేచి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండేళ్ళకి చలమయ్య గేటు దగ్గరే గుండె ఆగి పోయాడు. తవిటయ్యకి కబురు ఎవరో పంపేసరికే శవాన్ని తీసుకెళ్ళిపోయారు. ఆయన వెళ్ళేసరికి మగవాళ్ళు స్నానాలు చేసి తిరిగొస్తున్నారు. పోతమ్మ గోడకి జేరబడి ఉంది. ఆయన పక్కన కూర్చుని ఏడ్చారు. ఆవిడ ఏడవలేదు.

"నీ మీద కోపం లేదని సెప్పమన్నాడేటి అని అడుగుతావేమో" అంది చాలాసేపటికి. "అలాగేటీ సెప్పలేదు. నీ మాట ఎత్తడం మానీసినాడు, అంతే."

పెద్దకర్మ నాడు కూడా ఆయన వెళ్ళారు. భోజనాల్లో వడ్డించేవాడు, "సారుకి ఇంకొంచెం ఎయ్యండి" అన్నాడు. చిన్నప్పుడు తనతో గెడ్డలో ఈదినవాడే అతను.

క్లాసులు మునుపటిలా లేవు. ఎనభైల మధ్యకి వచ్చేసరికి కుర్రాళ్ళ చూపంతా ఉక్కునగరం ఉద్యోగాల మీద, కంప్యూటర్ల మీద ఉంది. రాజనీతి తత్వశాస్త్రం తీసుకునేవాళ్ళు ముందు బెంచీకి సరిపోయేవారు. తవిటయ్య పాఠం చెప్పడం మానలేదు గానీ ఓడల ఉదాహరణ మానేశారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఆ వాక్యం వస్తూనే ఉండేది. అది రాస్తే మార్కు ఇవ్వాలని మూల్యాంకన సూచనల్లో ఉంది. ఇచ్చేవారు. ఒకసారి ఒక అమ్మాయి ఆ వాక్యం కింద, "నేను దీన్ని ఒప్పుకోను, ముందు వాళ్ళని అడిగారా?" అని రాసింది. ఆయన ఎంతో సంతోషించి నిండా మార్కులు వేశారు. రెండో పరీక్షకుడు, జవాబులో సమీక్ష తప్ప వివరణ లేదని సగానికి తగ్గించాడు. తవిటయ్య వెళ్ళి గొడవపడ్డారు. ఆయన గొంతెత్తి మాట్లాడగా డిపార్టుమెంటు విన్నది ఆ ఒక్కసారే. ఆ మార్కులు మారలేదు.

ప్రొఫెసరు పదవి ఎనభై ఏడులో వచ్చింది. అడ్డం పడేవాళ్ళు లేరు, పోటీ పడేవాళ్ళూ లేరు. సీనియారిటీ ప్రకారం ఇచ్చారు. సభ పెట్టి దండలు వేశారు. దొరబాబు అప్పటికి పెద్ద హోదాలో ఉండి ఆ సభకి ముఖ్య అతిథిగా వచ్చాడు. మాస్టారి పుస్తకం తనని మనిషిని చేసిందని చెబుతూ ఆ వాక్యాన్ని మళ్ళీ వల్లించాడు. చప్పట్లు మోగాయి. తవిటయ్య జవాబు చెప్పడానికి లేచి, ఏడో అధ్యాయం గురించి మొదలుపెట్టారు. ముందు వరసలో ఎవరో గడియారం చూసుకున్నారు. టీ సిద్ధంగా ఉందని అటెండరు సైగ చేశాడు. ఆయన రెండు మాటలతో ముగించి కూర్చున్నారు.

ఆ ఆదివారం పద్మావతి సున్నుండలు చేసి డబ్బాలో పెట్టింది. "అప్పగారికి ఇచ్చి రండి. ప్రొఫెసరయ్యారని ఆవిడకి మీ నోటితో చెప్పండి" అంది. ఆయన సిటీ బస్సులో గాజువాక వెళ్ళి, అక్కడినుంచి కాలనీకి నడిచారు. పోతమ్మ కుళాయి దగ్గర బిందె పట్టుకుని వంతులో నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి బిందె పక్కవాళ్ళకి అప్పగించి వచ్చింది. కొంగుతో కుర్చీ తుడిచింది.

"కూకోండి బాబూ. ఎండన పడి వొచ్చినారు."

తవిటయ్య నిలబడే ఉండిపోయారు. ఎన్నో ఏళ్ళుగా క్యాంపస్ తెలుగుకి అలవాటుపడ్డ ఆయన నోటికి పాత మాట దానంతటదే వచ్చింది.

"అప్పా, నాను. తవిటిని."

"తెలుసు బాబూ. కూకోండి."

ఆవిడ అన్నం పెట్టింది. మెత్తళ్ళ చేపల పులుసు వేసింది. కాలనీకి నీళ్ళు సరిగ్గా రావడం లేదని, పక్కింటివాళ్ళ కోడలు మంచిదని చెప్పింది. ప్రొఫెసరు అయ్యానని ఆయన చెప్పారు. "మంచిది. ఆరోగ్యం జాగర్త సూసుకోండి" అంది. మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కాలనీలో ఎవరింటికైనా పెద్ద ఉద్యోగి వస్తే ఎలా చూస్తారో అలాగే చూసింది.

బయల్దేరుతుంటే వీధి చివరిదాకా వచ్చింది. తవిటయ్య ఆగి, "ఒక్కసారి ఒరే అనవే అప్పా" అన్నారు.

పోతమ్మ చుట్టూ చూసింది. వీధిలో నలుగురు వాళ్ళనే చూస్తున్నారు. "అంత పెద్ద సారుని అలాగంటే బాగోదు" అంది. "బస్సు తప్పిపోద్ది, బేగి ఎల్లండి."

ఆవిడ బతికున్నంతకాలం ఆయన నెలకోసారి వెళ్ళి వస్తూనే ఉన్నారు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కుర్చీ తుడిచి వేసేది.